మిషన్ బిగించడానికి వచ్చినవాళ్లకు సంకెళ్లు వేస్తే ఎలా? అమెరికా వాణిజ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమెరికా వాణిజ్య మంత్రి గారికి,

నమస్కారం. నేను అలబామాలో మాంట్‌గోమరీకి దగ్గర్లో ఉంటాను. కార్ల సీట్లకు ఫ్రేములు తయారుచేసే ఒక కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుని. ఇదే ఉత్తరం మీ ఆఫీసుకు ఇంగ్లీషులో పంపించాను. మాంట్‌గోమరీ హ్యుందాయ్ ప్లాంట్ నుంచి జార్జియా రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్ కియా ప్లాంట్ దాకా ఐ-85 రోడ్డు పొడవునా విడిభాగాల కంపెనీలున్నాయి. వాటిలో పనిచేసే మావాళ్లు చదవాలని తెలుగులో కూడా రాస్తున్నాను. పెనుకొండ దగ్గర మా ఊళ్లో ఉన్న మా నాన్న కూడా చదవాలి. ఈ విషయం ఆయనకు నాకంటే ముందే అర్థమైంది.

2025 సెప్టెంబర్ 4న జార్జియాలో జరిగింది మీకు తెలుసు. సవాన్నాకు దగ్గర్లో, ఎల్లాబెల్‌లో మెటాప్లాంట్ అనే హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీ ఆవరణలోనే అప్పటికి హ్యుందాయ్, ఎల్జీ కలిసి బ్యాటరీ ఫ్యాక్టరీ కడుతున్నాయి. ఆ రోజు ఇమిగ్రేషన్ అధికారులు, అనుమతి లేకుండా పనిచేస్తున్నారంటూ, అక్కడ దాదాపు 475 మందిని పట్టుకున్నారు. అందులో 300 మందికి పైగా కొరియావాళ్లు. చేతులకు, కాళ్లకు, నడుముకు గొలుసులు వేసి తీసుకెళ్తున్న వీడియోను ప్రభుత్వమే బయటపెట్టింది. వారం తర్వాత ప్రత్యేక విమానంలో ఆ కొరియావాళ్లు అట్లాంటా నుంచి ఇంటికెళ్లారు. అదే సంవత్సరం మార్చి 24న వైట్ హౌస్‌లో, అధ్యక్షుడి పక్కన నిలబడి, అమెరికాలో 2,100 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని ప్రకటించింది ఈ హ్యుందాయ్ కంపెనీయే. పొగిడి చప్పట్లు కొట్టాక అయిదు నెలలకే ఆ గొలుసులు.

ఆ వీడియో మేం భోజనాల గదిలో చూశాం. మా షిఫ్టులో నల్లజాతివాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికో నుంచి వచ్చినవాళ్లు, కొరియావాళ్లు, నేను ఉంటాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా వెల్డింగ్ లైన్‌లో 20 ఏళ్లుగా పనిచేస్తున్న ఒకావిడ, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఒక్క మాట అంది. "నాకు ఈ పని నేర్పినాయన కూడా ఇలాంటి కాగితాల మీదే వచ్చుంటాడు కదా." నాకూ నేర్పింది ఆయనే. అందుకే ఈ ఉత్తరం.

ఆయన్ని బాన్‌జాంగ్‌నిమ్ అనేవాళ్లం. కొరియా ఫ్యాక్టరీల్లో మేస్త్రీని అలా పిలుస్తారు. మా కంపెనీ కొత్త వెల్డింగ్ లైన్ కొన్నప్పుడు, ఆ రోబోలను తయారుచేసిన కంపెనీ తరఫున వచ్చాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు. ఇంగ్లీషు రాదు. 11 వారాలు ఉన్నాడు. స్పాట్ వెల్డ్, అంటే రెండు రేకుల్ని ఒక చుక్క దగ్గర కరిగించి వేసే అతుకు, బాగా పడిందో లేదో ఉలి పెట్టి కొట్టి చూడటం మాన్యువల్‌లో ఉంది, అది మాకూ తెలుసు. కానీ వెల్డింగ్ గన్ కొసనుండే రాగి టిప్ అరుగుతున్నకొద్దీ గన్ శబ్దం కొంచెం మారుతుందని, ఆ మార్పు వినగానే ఎన్ని వెల్డ్‌లు పడ్డాయనే లెక్కతో పనిలేకుండా టిప్‌ని చెక్కించాలని మాన్యువల్‌లో లేదు. ఆయన మా చెవులకు నేర్పాడు. మా చెయ్యి పట్టుకుని గన్ మీద పెట్టించి, కళ్లు మూసుకోమని సైగ చేసేవాడు. వెళ్లిపోయేరోజు తన నోట్‌బుక్‌ను కాపీ తీసుకోమని ఇచ్చాడు. అంతా కొరియా భాషలోనే రాసి ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకోవడానికి మాకు నెల పట్టింది. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకు ఆ పేజీలే ఇస్తున్నాం.

ఆయన ఎవరి ఉద్యోగమూ తీసుకోలేదు. ఆయన వెళ్లాక ఆ లైన్ మీద మూడు షిఫ్టులకు మనుషుల్ని తీసుకున్నారు, అందరూ ఈ చుట్టుపక్కల వాళ్లే.

మా ఊరి సంగతి కూడా చెప్పాలి. మా జిల్లాకు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అని పేరు, అప్పట్లో అనంతపురం. వానలు సరిగా పడని, వేరుశనగ తప్ప మరొకటి తెలియని నేల. 2017లో అక్కడ ఎర్రమంచి దగ్గర, బెంగళూరు హైవే పక్కన, కియా 110 కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ పెడుతున్నట్టు ఒప్పందం కుదిరింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారయ్యే ఫ్యాక్టరీ. ఏడాది తిరిగేసరికి పెనుకొండలో కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. మా మేడ మీద గది కూడా ముగ్గురు కొరియావాళ్లకు అద్దెకిచ్చాం. ఫ్యాక్టరీలో కార్లకు రంగువేసే విభాగంలో, అదే పెయింట్ షాపులో, ఓవెన్లు బిగించడానికి వచ్చారు. ఊళ్లో కొందరు, "మన పిల్లోళ్లకు రావాల్సిన ఉద్యోగాలు వీళ్లు చేస్తా ఉండారే" అని గొణిగితే మా నాన్న ఇలా అన్నాడు: "వాళ్లు మన పొట్ట కొట్టేకి వచ్చిండేది కాదప్పా. మిషన్ బిగిచ్చి పోయేకి వచ్చిండేది. పోయినంక నడిపేది మనోళ్లే గదా." 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికొచ్చింది. ఆ ముగ్గురూ గది ఖాళీ చేశారు. మా చిన్నాన్న కొడుకు ఇప్పుడు అదే పెయింట్ షాపులో ఉన్నాడు.

జార్జియా వార్త టీవీలో చూసి నాన్న నాకు ఫోన్ చేశాడు. "మనింట్లో ఉన్నోళ్లు ఎవరన్నా ఆడ ఉన్నారేమో కనుక్కో" అన్నాడు. కనుక్కునే దారి నాకు లేదు.

మంత్రి గారూ, మీ దేశానికి ఇది కొత్త అనుభవం కాదు. 1981లో జపాన్ నుంచి వచ్చే కార్లకు ఏడాదికి 16 లక్షల 80 వేలని పరిమితి పెట్టించారు. పికప్ ట్రక్కుల మీద 25 శాతం సుంకం 1964 నుంచీ ఉంది. దిగుమతి దారి ఇరుకైన ఆ రోజుల్లోనే, 1982 నవంబర్‌లో ఒహాయోలోని మేరీస్‌విల్‌లో హోండా అకార్డ్ తయారీ మొదలైంది. మరుసటి ఏడాది టెనెసీలోని స్మర్నాలో నిస్సాన్ పికప్ తయారైంది. తర్వాత కెంటకీలో టొయోటా, సౌత్ కరోలినాలో బీఎండబ్ల్యూ, మా అలబామాలో మెర్సిడెస్, హోండా, హ్యుందాయ్ వరసగా వచ్చాయి. పేర్లు జపాన్‌వి, జర్మనీవి, కొరియావి. జీతాలు అందుకునేది మాత్రం ఇక్కడి కుటుంబాలు. స్పార్టన్‌బర్గ్‌లో బీఎండబ్ల్యూ చేసే ఎస్‌యూవీలు ఇక్కడి నుంచే ప్రపంచమంతా ఎగుమతి అవుతున్నాయి.

వీటన్నిటిలోకీ నేను ఎక్కువగా తలచుకునేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ప్లాంట్‌ని. అది జనరల్ మోటార్స్‌ది. గొడవలకు, సెలవు చెప్పకుండా ఎగ్గొట్టేవాళ్లకు, లోపాలున్న కార్లకు పేరు మోసింది. 1982లో మూసేశారు. 1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే షెడ్డును నుమ్మి అనే పేరుతో తెరిచాయి. చేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది పాత కార్మికులే, యూనియన్ కూడా పాతదే. మారింది నేర్పే పద్ధతి. కొన్ని వందల మంది టీం లీడర్లను జపాన్ పంపి టొయోటా లైన్ మీద నిలబెట్టారు. జపాన్ నుంచి వచ్చిన ట్రైనర్లు ఫ్రీమాంట్‌లో వాళ్ల పక్కన నిలబడ్డారు. తప్పు కనిపిస్తే ఎవరైనా తాడు లాగి లైన్ ఆపొచ్చన్నారు. పాత ప్లాంట్‌లో లైన్ ఆపడమంటే ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమే. తాడు లాగిన మనిషి దగ్గరికి ట్రైనర్ నవ్వుతూ వచ్చి "ఏం ఇబ్బంది?" అని అడగడం వాళ్లు కళ్లారా చూశాకే ఆ మాట నమ్మారు. పుస్తకం పంపిస్తే ఆ నమ్మకం కలిగేది కాదు. 1986 నాటికి ఆ ప్లాంట్ కార్లు నాణ్యతలో జపాన్ ప్లాంట్ కార్లకు దీటుగా నిలిచాయి. ఇప్పుడు ఆ షెడ్డులో టెస్లా కార్లు తయారవుతున్నాయి.

దీనికి విరుద్ధమైన కథ పెన్సిల్వేనియాలో ఉంది. ఫోక్స్‌వ్యాగన్ 1978లో వెస్ట్‌మోర్‌లాండ్‌లో ప్లాంట్ తెరిచి, దాన్ని డెట్రాయిట్ నుంచి వచ్చిన మేనేజర్ల చేతికి అప్పగించింది. కారు కూడా ఇక్కడి అలవాట్లకు తగ్గట్టు మారిపోయింది. పదేళ్లకే, 1988లో, ప్లాంట్ మూతపడింది. అమ్మకాలు పడిపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి, కాదనను. కానీ తెలిసినవాళ్లు పక్కన లేకుండా పని నేర్చుకోవడం ఎంత కష్టమో రోజూ చూసేవాణ్ని కాబట్టి ఆ కథ నాకు గుర్తుండిపోయింది.

ఇప్పుడు బ్యాటరీల విషయం కార్లకంటే కష్టం. బ్యాటరీ సెల్ లోపల పూత మందం మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. గాలిలో తేమ తగిలితే సరుకు పాడవుతుంది, అందుకే గదులకు గదులే ఎండగట్టినట్టు పొడిగా ఉంచాలి. ఆ మిషన్లు తయారుచేసేది కొరియా, జపాన్, చైనాల్లోని చిన్నాపెద్దా కంపెనీలు. మిషన్ అమ్మినవాడే వచ్చి బిగించి, నడిపి చూపించి వెళ్లాలని కొనుగోలు ఒప్పందంలోనే రాసుకుంటారు.

మరి వాళ్లు ఏ వీసా మీద రావాలి? వీసా లాటరీ టెన్షన్ గురించి తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. హెచ్-1బి ఏడాదికి ఒకసారి మార్చిలో లాటరీ, ఎంపికైనా పనిలో చేరేది అక్టోబర్‌లో. జూన్‌లో వచ్చిన మిషన్ అప్పటిదాకా డబ్బాలోనే ఉండాలా? కంపెనీ తన ఉద్యోగిని ఇక్కడి ఆఫీసుకు పంపే ఎల్-1 వీసా కావాలంటే అదే కంపెనీకి ఇక్కడ కూడా ఆఫీసు ఉండాలి. నలభై మందితో నడిచే మిషన్ కంపెనీకి జార్జియాలో ఆఫీసెక్కడుంటుంది? మిగిలింది వ్యాపార పనిమీద కొన్నాళ్లకు వచ్చేవాళ్లకిచ్చే బి-1 వీసా, లేదా వీసా లేకుండా 90 రోజులకిచ్చే అనుమతి. బి-1 మీద వచ్చి, విదేశంలో కొన్న మిషన్‌ను బిగించి, నేర్పి వెళ్లొచ్చని మీ నిబంధనల్లోనే ఉంది. కట్టడం పని మాత్రం చేయకూడదు. పునాదికి బోల్టు బిగిస్తే అది మిషన్ పనా, కట్టడం పనా? ఒక అధికారి ఒకటంటాడు, ఇంకొకరు ఇంకోటంటారు. బోల్టు బిగించినవాడు మాత్రం వారం రోజులు నిర్బంధంలో ఉంటాడు.

ఆస్ట్రేలియావాళ్లకు ఏడాదికి 10,500 ప్రత్యేక వీసాలున్నాయి. సింగపూర్‌కు 5,400, చిలీకి 1,400. కొరియాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2012 నుంచి అమల్లో ఉన్నా, వాళ్లకు ఒక్కటీ లేదు. 15,000 వీసాలివ్వాలనే బిల్లు 2013 నుంచి పదేపదే మీ చట్టసభ కాంగ్రెస్ ముందుకొస్తోంది, పాస్ కావడం లేదు. జార్జియా ఘటన తర్వాత సియోల్‌లోని అమెరికా ఎంబసీలో కొరియా పెట్టుబడిదారుల కోసం ప్రత్యేక డెస్క్ పెట్టారు, బి-1 మీద ఏ పనులు చేయొచ్చో మళ్లీ స్పష్టం చేశారు. సంతోషం. కానీ అది చట్టం కాదు, ఎయిర్‌పోర్టులో కూర్చున్న అధికారికి ఆ మాట చేరిందో లేదో కూడా ఎవరికీ నమ్మకం లేదు.

అటువైపు తప్పులు లేవని నేను అనడం లేదు. పట్టుబడినవాళ్లలో గడువు దాటినవాళ్లు, అనుమతి లేని పని చేసినవాళ్లు ఉన్నారని అధికారులు చెప్పారు, ఉండొచ్చు. మెటాప్లాంట్ నిర్మాణంలో కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా అలబామాలోనే హ్యుందాయ్‌కి విడిభాగాలిచ్చే చోట చిన్న పిల్లలతో పని చేయించారని 2022లో బయటపడింది. అది తెలిసిన రోజు నేను మా లైన్ మీద ఉన్నవాళ్ల ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఇలాంటి తప్పులకు కంపెనీలను కోర్టుకీడ్చండి, కాంట్రాక్టర్ల లెక్కలు తీయండి, జరిమానాలు వేయండి. మేమంతా మీ వెనకే ఉంటాం. కంపెనీ తప్పుడు కాగితం ఇచ్చి పంపితే, ఆ కాగితం నమ్మి విమానమెక్కిన మేస్త్రీ కాళ్లకు గొలుసు వేయడం మాత్రం న్యాయం కాదు.

వీసాలు మీ శాఖ చూడదని నాకు తెలుసు. కానీ రండి, ఇక్కడే కట్టండి అని ప్రపంచమంతా తిరిగి పిలిచేది మీరు. దిగుమతి కార్ల మీద సుంకం వేసింది కూడా వాళ్లను ఇక్కడికి రప్పించడానికే అంటున్నారు. అలా పిలిచినప్పుడు, ఎవరు ఎన్నాళ్లుండి ఏ పని చేయొచ్చో రాసిన కాగితం కూడా చేతికివ్వాలి. ఫ్యాక్టరీ పేరు, మిషన్ పేరు, ఎన్ని నెలలు అన్నది ముందే నమోదు చేయించి, దానికి కట్టుబడిన వీసా ఒకటి తీసుకురండి. వచ్చిన ప్రతి నిపుణుడి పక్కన స్థానికులు ఇద్దరో ముగ్గురో నేర్చుకుంటూ ఉండాలని షరతు పెట్టండి. జార్జియాలో క్విక్ స్టార్ట్ అనే ప్రభుత్వ శిక్షణ సంస్థ 1967 నుంచి ఈ పనిలోనే ఉంది, దాన్ని వాడుకోండి. మెటాప్లాంట్ కోసం ఆ రాష్ట్రం 180 కోట్ల డాలర్ల రాయితీలిచ్చింది, 8,100 ఉద్యోగాలు వస్తాయని. ఆ ఉద్యోగాల్లో చేరేవాళ్లకు మొదటిరోజు మిషన్ చూపించే మనిషి ఒకరు ఉండాలి కదా.

మా కంపెనీ ఇంకో వెల్డింగ్ లైన్ కొనాలనుకుంటోంది. బిగించడానికి మనుషుల్ని పంపడానికి మిషన్ కంపెనీ వెనకాడుతోంది. నేను బాన్‌జాంగ్‌నిమ్‌కి మెయిల్ రాశాను. ఆయన కూతురితో రాయించిన జవాబు వచ్చింది. తాను రిటైరయ్యాడట, అయినా మాకోసం రెండు నెలలు రావడానికి సిద్ధమేనట. ఒక్కటే అడిగాడు: ఎయిర్‌పోర్టులో ఏ కాగితం చూపిస్తే తనను లోపలికి రానిస్తారు, వచ్చాక ఎవరూ పట్టుకోరు అని.

పది రోజులైంది. జవాబు ఏం రాయాలో తెలియక ఆ మెయిల్ అలాగే ఉంచాను. మీరు చెబితే రాస్తాను.

ఇట్లు,
అలబామా నుంచి ఒక క్వాలిటీ ఇంజనీరు