అవి పిచ్చి మొక్కలు కావు

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ జిల్లా పేజీలో మా ఊరి ఉన్నత పాఠశాల ఫొటో ఒకటి వచ్చింది. కింద 'పిచ్చి మొక్కలు, చెత్తతో నిండిన బడి ఆవరణ' అని రాశారు. ఆ మొక్కలు పెంచిన పిచ్చివాళ్లలో నేనొకణ్ని. ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి 2020లో పదవీ విరమణ చేశాను. మా ఇంటికీ బడికీ మధ్య ఒక్క వీధే కాబట్టి ఇప్పటికీ వెళ్తూనే ఉంటాను. ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం కాదు. కోపంతో రాసినవి రెండు ఉన్నాయి, అవి చించేశాను.

ముందు మీరు వేసిన ఫొటోనే చూద్దాం. ఎడమ పక్కన పసుపు పూలతో ఉన్నది తంగేడు. మేకలు దాన్ని ముట్టవు, అందుకే కంచెలా వరసగా పెంచాం. దాని ముందు మోకాలెత్తున ఉన్నది వెంపలి. ఎవరూ నాటలేదు, అదే వచ్చింది. పప్పుజాతి మొక్క కాబట్టి దాని వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. యూరియా బస్తాలు రాకముందు మా తాతలు దీన్ని కోసుకొచ్చి మడిలో తొక్కేవారు. నేల మీద పాకుతున్నవి అలసంద, ఉలవ. వెనక పొడుగ్గా ఉన్నవి కంది, ఆముదం. కింద పరిచి ఉన్న గోధుమరంగు 'చెత్త' కానుగాకు, వేరుశనగ పొట్టు. పిల్లలు రెండేళ్లుగా మోసుకొచ్చి పరిచినది. కుడి అంచున ఒక గుంట, దాని పక్కన మట్టిగట్టు కనిపిస్తాయి. ఎవరో తవ్వి వదిలేశారని మీ విలేకరి అనుకొని ఉంటారు. ఆ గుంట సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

మాది ఎర్ర గరుసు నేల. ఏడాది మొత్తానికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. 2021లో అందరిలాగే మేమూ నలభై మొక్కలు నాటాం: మామిడి, జామ, నేరేడు, ఇంకేవో. గుంతలు తవ్వుతుంటే గడ్డపార ఖంగుమంది. ఫొటోలు దిగాం. మరుసటి మే నెలకు మూడు మొక్కలు మిగిలాయి. మూడూ కుళాయి పక్కనివే. ఏడో తరగతి అమ్మాయి ఒకతె "సార్, కుళాయి దగ్గరివే ఎందుకు బతికాయి?" అంది. నీళ్ల వల్ల అన్నాను. "మరి వాన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి వానకు వరండాలో నిలబడి చూశాం. నీళ్లు ఎర్రగా, కాఫీలా, మైదానం మీదుగా జారి, గేటు కింద నుంచి మురుగు కాలువలోకి పోయాయి. వాన తగ్గిన పావుగంటకు నేల కాలితో గీకితే అంగుళం కింద పొడిమట్టి. బోర్డు మీద లెక్క వేశాం. ప్రధానోపాధ్యాయురాలు మాకు ఇచ్చిన చోటు 5 సెంట్లు, అంటే 202 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 20 మిల్లీమీటర్లు పడితే 4 వేల లీటర్లు. వేసవిలో ఊళ్లోకి వచ్చే ట్యాంకరు 5 వేల లీటర్లది. ఆ ట్యాంకరు కోసం బిందెలు పట్టుకొని పోట్లాడుకునే ఇళ్ల పిల్లలే అందరూ. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నీళ్లను నిలపాలంటే నేల వాలు తెలియాలి. దానికి ఏ-ఫ్రేమ్ చేశాం. ఒకే పొడవున్న రెండు వెదురు కర్రలు పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పైనుంచి దారానికి రాయి వేలాడదీస్తే అయిపోతుంది. కాళ్లు ఆనిన రెండు చోట్లా మేకులు పాతి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టాలి. తర్వాత కాళ్లు తారుమారు చేసి, అవే మేకుల దగ్గర నిలిపి, మళ్లీ గీత పెట్టాలి. రెండు గీతలకు సరిగ్గా మధ్యన మూడో గీత. దారం అక్కడ నిలిస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ముప్పై రెండేళ్లు మధ్యబిందువు సూత్రం చెప్పినవాణ్ని, దానితో ఒక పని జరగడం ఉద్యోగం వదిలాక చూశాను.

ఆ కర్రను పట్టుకొని పిల్లలు నేలంతా నడిచారు. దారం గీత మీద నిలిచిన చోటల్లా సున్నం చుక్క. చుక్కలు కలిపితే పాము మెలికలా వచ్చింది. ఒక అబ్బాయి తాడు పట్టి దాన్ని తిన్నగా చేయబోయాడు. "వంకరగా ఉంది సార్" అంటాడు. నేల అలా ఉంది, మనమేం చేస్తాం అన్నాను. ఆ మెలిక వెంబడే అడుగున్నర లోతు కందకం తవ్వి, మట్టిని పల్లం వైపు గట్టుగా పోశాం. మీ ఫొటోలోని గుంట, గట్టు ఇవే. తర్వాతి వానకు నీళ్లు వచ్చి కందకంలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మట్టంగా నిలబడ్డాయి. తెల్లారేసరికి లేవు. గేటు దాటి మాత్రం పోలేదు.

ఆ తర్వాత కూడా చెట్ల జోలికి పోలేదు. వానకు ముందే, పొడి నేలలో, పద్నాలుగు రకాల గింజలను బంకమట్టి, బూడిద పట్టించి చల్లాం. ఇది మా సొంత తెలివి కాదు, రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యంలో మన రైతులకు నేర్పిస్తున్నదే. ఆంధ్రప్రదేశ్‌లోని ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లో ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. పేపర్లో చదివి పిల్లలకు చూపించాను. అదే పద్ధతికి ఇప్పుడు మీ ఫొటో కింద వేరే పేరు వచ్చింది.

ఇలాంటి పనికి పర్మాకల్చర్ అని పేరు. 1970లలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో బిల్ మాలిసన్, అప్పటికి విద్యార్థిగా ఉన్న డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి పెట్టారు. మాలిసన్ 1980లలో మన దేశానికి వచ్చి పాఠాలు చెప్పారు. 2017లో ప్రపంచ సమ్మేళనం హైదరాబాద్‌లోనే జరిగింది. ఇదంతా నేను ఉత్సాహంగా చెబుతుంటే మధ్యాహ్న భోజనం వండే ఆమె విని, "మా అమ్మ వేరుశనగలో కందులు, అనుములు, అలసందలు కలిపే వేసేది. దీనికి ఆస్ట్రేలియా దాకా పోవాలా సార్?" అంది. అయితే కందకం మాత్రం ఆమెకూ కొత్తే. ఇప్పుడు గిన్నెలు కడిగిన నీళ్లు అటే మళ్లిస్తోంది, అక్కడ అరటి పెట్టింది.

అనుమానం వచ్చినప్పుడల్లా నేను చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ పచ్చగా మార్చిన చోటుకు పోయి వస్తాను. 1990లో 32 ఎకరాల బీడు కొని మొదలుపెట్టారు. ఇవాళ అక్కడ చెట్ల నీడన నడుస్తాం. అది చూశాక 5 సెంట్ల మీద బెంగ తగ్గుతుంది, తొందర కూడా తగ్గుతుంది.

మీ ఫొటో వచ్చిన మూడో రోజు, తనిఖీకి అధికారులు వస్తున్నారని, ఆదివారం పూట మడి శుభ్రం చేయించారు. ఒక పిల్లవాడు ఫోను చేసి "సార్, మన నేల తగలబెడుతున్నారు" అన్నాడు. నేను పోయేసరికి ఆకు, పొట్టు, వెంపలి అన్నీ ఒక కుప్పగా మండుతున్నాయి. మడి నున్నగా, గచ్చులా ఉంది. పారతో కందకం పూడ్చబోతుంటే వంటామె అడ్డం నిలబడిందట. ప్రధానోపాధ్యాయురాలిని నేను తప్పుపట్టను. పేపర్లో ఫొటో పడి, పైనుంచి ఫోను వస్తే ఎవరైనా అదే చేస్తారు.

పిల్లలు ఒక పరీక్ష చేస్తుంటారు. రెండు వైపులా తెరిచిన పాల డబ్బాను రెండంగుళాలు నేలలో దించి, అర లీటరు నీళ్లు పోసి, ఇంకేదాకా గడియారం చూస్తారు. మైదానంలో 52 నిమిషాలు పట్టింది. ఆకు కప్పిన మా మడిలో 7 నిమిషాలు. కాల్చిన వారానికి ఒక జల్లు పడ్డాక అదే చోట పోస్తే 23 నిమిషాలు. మూడు అంకెలూ ఎనిమిదో తరగతి నోట్‌బుక్‌లో తేదీలతో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. తనిఖీ పత్రాల్లో నాటిన మొక్కలు ఎన్ని అనే గడి ఉంటుంది. ఈ అంకె రాయడానికి గడి లేదు. అధికారులు ఒక పాల డబ్బా, ఒక సీసా నీళ్లు వెంట తెచ్చుకుంటే చాలు, ఏ బడి నేల ఎలా ఉందో గంటలో తెలిసిపోతుంది. అలాగే, ఏ బడికైనా ఇలాంటి చిన్న మడి ఇస్తే దాన్ని మూడేళ్ల పాటు ఊడవకూడదని, కాల్చకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వాలి. దానికి డబ్బు ఖర్చు లేదు.

మీకు నా విన్నపం చిన్నది. ఆ ఫొటోను సవరణతో మళ్లీ వేయండి. కొత్త ఫొటో కావాలంటే వాన పడ్డ మర్నాడు మీ ఫొటోగ్రాఫరును పంపండి. మొన్ననే పిల్లలు నూనె గానుగ దగ్గర నుంచి రెండు బస్తాల వేరుశనగ పొట్టు తెచ్చి పరిచారు కాబట్టి అప్పటికి మడి మళ్లీ చెత్తగానే ఉంటుంది. చెప్పులు గేటు దగ్గర విడిచి రమ్మనండి. బురద మైదానంలోనే ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
శ్రీ సత్యసాయి జిల్లా