పరిశీలన బోరంటే పొలం బోరు కాదు

ఎడిటర్ గారికి,

ఫ్యాక్టరీ ఆవరణలో భూగర్భజలాల్లోకి కాలుష్యం దిగిందా అని పరిశీలించడానికి బోరు వేశామని యాజమాన్యం చెప్పగానే అధికారులూ ఊరివాళ్లూ సరే అని ఊరుకుంటున్నారు. ఎక్కడ వేశారు, ఎలా వేశారు అని అడిగేవాళ్లే లేరు. బోర్ల పనిలో ఉన్నవాడిని కాబట్టి రాస్తున్నాను.

ఈమధ్య మా వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఈ పని చూశాను. పొలాలకి వేసే బోరు బండినే పిలిచారు. రాయి తగిలేదాకా కేసింగ్ దింపి, పైపు చుట్టూ మిగిలిన సందులో అక్కడే కుప్పపడ్డ రాతిపొడిని పారతో తోసేసి, కింద మూడొందల అడుగుల దాకా అలాగే వదిలేశారు. పొలానికైతే ఇది చాలు, ఏ పొరలో నీళ్లు పడ్డా మోటరుకి ఒకటే. ఇక్కడ మనకి తెలియాల్సింది ఏ పొరలో ఏముందన్నది. అన్ని నీళ్లూ కలిసిపోతే విషం పలచబడి రిపోర్టు బాగానే వస్తుంది, పైగా మొరంలో ఉన్న కాలుష్యం ఆ వదులు పూడిక గుండా ఇంతవరకూ శుభ్రంగా ఉన్న లోతు నీళ్లలోకి దిగుతుంది.

సరైన పద్ధతి వేరు. చూడాలనుకున్న లోతులో మాత్రమే సన్న చీలికలున్న పైపు, చుట్టూ కడిగిన ఇసుక, ఆపైన నీళ్లు తగిలితే ఉబ్బి బిగుసుకునే బెంటోనైట్ బంకమట్టి, అక్కడినుంచి నేలదాకా సిమెంటు. పైపులకి మరలుండాలి, గమ్ పెట్టి అతికిస్తే ఆ గమ్‌లోని ద్రావకమే (సాల్వెంటు) ల్యాబ్ రిపోర్టులో కనబడుతుంది. ఒక్క లోతు కూడా చాలదు. మందుల తయారీలో వాడే సాల్వెంట్లలో టోలీన్ నీళ్లమీద తేలుతుంది, ప్లాంటువాళ్లు ఎండీసీ అని పిలిచే మిథిలీన్ డైక్లోరైడ్ నీళ్లకన్నా బరువు కాబట్టి రాతి చీలికలు పట్టుకుని అడుగుకి పోతుంది.

ఇక చోటు. ఫ్యాక్టరీ కిందికి భూమిలో నీళ్లు వచ్చే వైపు ఒక బోరు, పోయే వైపు కనీసం రెండు ఉండాలి. నేను చూసిన బోరు సెక్యూరిటీ గేటు పక్కన ఉంది, బండి తిప్పుకోడానికి అక్కడే వీలుగా ఉందట! వ్యర్థాల ట్యాంకులేమో వెనక గోడ దగ్గర, నేల వాలు కూడా అటే.

పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ కాలుష్యం చేరిన నక్కవాగు మంజీర నదిలో కలుస్తుందని అందరికీ తెలుసు. 2007లో స్వీడన్ పరిశోధకులు మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు వచ్చే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని తేల్చారు, 2009 నాటికి చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల అవశేషాలు దొరికాయి. ఇంత జరిగిన ప్రాంతంలో ఇప్పటికీ గేటు పక్కన బోరు వేసి రికార్డులో టిక్కు పెట్టుకోవడం ఏమిటి?

కాలుష్య నియంత్రణ మండలి బోరు వేసే రోజే ఒక జియాలజిస్టుని పంపాలి. సిమెంటు పోసేశాక వచ్చి చూస్తే మూత తప్ప ఏమీ కనబడదు. ఎన్ని అడుగుల్లో ఏ పొర తగిలింది, చీలికల పైపు ఎక్కడ పెట్టారు అన్న కాగితం, ప్రతిసారీ వచ్చే ల్యాబ్ ఫలితాలూ గ్రామపంచాయతీ నోటీసు బోర్డులో పెట్టాలి. శాంపిల్ తీసేముందు బోరులో నిలవున్న నీళ్లు తోడి పారబోశారా, సీసాలో గాలిబుడగ లేకుండా నింపి ఐస్‌పెట్టెలో పెట్టారా అని చూడటానికి ఊరివాళ్లు ఇద్దర్ని లోపలికి రానివ్వాలి.

ఇట్లు,
బోర్ల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
సంగారెడ్డి జిల్లా