పిల్లల దుకాణంలో పెద్దల చేతులు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల చేత చిన్న దుకాణాలు పెట్టించి ఒక పూట అమ్మకాలు జరిపించే కార్యక్రమం చాలా పాఠశాలల్లో కనిపిస్తున్నది. ఆలోచన మంచిదే. అయితే సరుకు తల్లిదండ్రులు కొని, ధర ఉపాధ్యాయులు నిర్ణయించి, సాయంత్రానికి మిగిలినదంతా మళ్లీ ఆ తల్లిదండ్రులే కొనేసే చోట పిల్లలకు దక్కేది ఫొటో ఒక్కటే.

అమ్మకంలో నిమగ్నమైన పిల్లల బుర్ర ఎలా పనిచేస్తుందో 1985లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో, సంతల్లో అమ్మే ఐదుగురు పిల్లలు బేరం మధ్యలో అడిగిన లెక్కలకు నూటికి 98 వంతులు సరైన జవాబులిచ్చారు. అవే అంకెలను కాగితం మీద వట్టి లెక్కలుగా ఇస్తే అది 37 వంతులకు పడిపోయింది. ఒకటి 35 చొప్పున పది కొబ్బరికాయలు ఎంతని అడిగితే, పన్నెండేళ్ల విక్రేత ‘మూడు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి’ అని కూడుకుంటూ 350కి చేరుకున్నాడు. ఢిల్లీ, కోల్‌కతా బజార్లలోని పిల్లలపై జరిగి 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. అంతేకాదు, బడి లెక్కల్లో మెరుగైన పిల్లలు బేరపు లెక్కల్లో వెనుకబడ్డారని తేల్చింది. కాబట్టి దుకాణం పెట్టించినంత మాత్రాన గణితం మార్కులు పెరుగుతాయని ఆశించడం అనవసరం. మర్నాడు అవే అమ్మకాలను నల్లబల్ల మీదికి ఎక్కించే ఉపాధ్యాయులు కావాలి.

నా దృష్టిలో కూడికల కంటే విలువైనది గిట్టుబాటు తెలియడం. గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభమేనని మొదట ఏ పిల్లలైనా అనుకుంటారు. పొద్దున చిల్లర కోసం పెట్టిన డబ్బును, సరుకు ఖరీదును, ఇంటి నుంచి ఊరికే తెచ్చుకున్న సామగ్రి విలువను ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోతే మిగిలేది ఎంత తక్కువో చూసినప్పుడే పెట్టుబడి అంటే ఏమిటో బోధపడుతుంది. ధర తగ్గించే ఘడియ ఇంకా కష్టమైనది: తొందరపడితే నష్టం, ఆలస్యం చేస్తే సరుకు మిగులుతుంది. ఆ తీర్పు పిల్లలది కాకపోతే ఇంత హడావిడి ఎందుకు? ఇద్దరు కలిసి పెట్టిన దుకాణంలో ఎవరు ఎక్కువసేపు నిలబడ్డారన్న తగవు కూడా వస్తుంది. దాన్ని పెద్దలు తీర్చకపోవడమే మంచిది.

ఇదంతా బాలకార్మికతను మెచ్చుకోవడం కాదు. రెసిఫే పిల్లల నేర్పును పొగిడేవారు, అవసరమే వారిని వీధికి తెచ్చిందని మరువరాదు. పిల్లల ఆరోగ్యానికీ చదువుకూ భంగం కలగని తేలికపాటి పనిని మాత్రమే, అదీ నిర్ణీత వయసు దాటాకే, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒడంబడిక అనుమతిస్తున్నది.

పాఠశాలలకు నా విన్నపం ఇది. పెట్టుబడిని తిరిగి చెల్లించే షరతుతో చిన్న అప్పుగా ఇవ్వండి. తల్లిదండ్రుల కొనుగోళ్లకు పరిమితి పెట్టండి. సరుకు మిగిలితే దాన్ని ఏం చేయాలో కూడా పిల్లలనే తేల్చుకోనివ్వండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు