కృష్ణజింక లెక్క వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

పదో తరగతి చదివే నా మనవరాలి జవాబు పత్రం మొన్న చూశాను. 'క్షీరదాలన్నిటిలో మగవాటికి ఎక్స్, వై అనే రెండే లింగ క్రోమోజోములుంటాయి' అన్నదానికి 'తప్పు' అని రాసి, పక్కన 'కృష్ణజింకకు మూడు' అని చేర్చింది. ఎర్రసిరాతో కొట్టేసి సున్నా వేశారు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

పిల్ల రాసింది నిజం. కృష్ణజింకలో ఎక్స్ క్రోమోజోము ఒక మామూలు క్రోమోజోముతో అతుక్కుపోయింది. అతుక్కోకుండా మిగిలిన దాని జత, తండ్రి నుంచి కొడుక్కే సంక్రమిస్తూ రెండో వై అయింది. అందుకే ఆడదానికి మొత్తం 30 క్రోమోజోములుంటే మగదానికి 31. మిగతా క్రోమోజోముల్లోని తేడాల వల్ల కొన్ని ఆడజింకల్లో 32, మగవాటిలో 33 దాకా కూడా కనిపిస్తాయి. ఒడిశా అడవుల్లోని కొండగొర్రె అనే చిన్న జింకదీ (ముంట్‌జాక్) ఇదే తీరు: ఆడదానికి 6, మగదానికి 7. క్షీరదాల్లో ఇంత తక్కువ మరి దేనికీ లేవు.

అసలు వింత క్షయకరణ విభజనలో, అంటే శుక్రకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములు రెండు వాటాలుగా విడిపోయే చోట ఉంది. మనవరాలికి మూడు ఊలు దారాలు పరిచి చూపించాను. ఎక్స్ కొసన అసలు వై జతపడుతుంది, అతుకుపడ్డ భాగం పొడవునా రెండో వై ఆనుకుంటుంది. విడిపోయేటప్పుడు ఎక్స్ ఒకవైపు, వైలు రెండూ కలిసి మరోవైపు పోవాలి. ఎక్స్ అందుకున్న శుక్రకణంలో 15, వైలు అందుకున్నదాంట్లో 16. ఒక్క వై దారి తప్పి ఎక్స్ వెంట పోయిందా, పుట్టబోయే పిండంలో లెక్క చెడుతుంది. మూడు దారాలు తరతరాలుగా ఇంత క్రమంగా విడిపోతుండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆస్కా దగ్గరి భేట్నోయిలో ఒక ఉదయం చూశాను. మెలికల కొమ్ముల మగజింక పెసరచేలో దిగి మేస్తుంటే, గట్టు మీది రైతు మట్టిగడ్డ కూడా విసరలేదు. జింకలుంటే వానలు పడతాయని వాళ్ల నమ్మకం. అలా కాపాడుకుంటున్న జంతువును వదిలేసి మన గంజాం పిల్లలకు క్రోమోజోముల పాఠంలో ఈగల బొమ్మలే చూపిస్తున్నాం.

పాఠాలు రాసేవారికి, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి నా విన్నపం ఒక్కటే. 'అన్నిటిలో' తీసేసి 'చాలావాటిలో' అని రాయండి, కింద కృష్ణజింక గురించి నాలుగు వాక్యాలు చేర్చండి. ఇక్కడి తెలుగు పిల్లల కోసం మీ పత్రిక పిల్లల పేజీలోనూ వేస్తే సంతోషిస్తాను.

ఒక విశ్రాంత అధ్యాపకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.