మా చెల్లికి, దాన్ని చూసుకోవడం మాకు నేర్పినవాళ్లకి

మొన్న ఆదివారం మా పాప బారసాల అయింది. పిలవాల్సినవాళ్లలో సగం మందిని పిలవలేకపోయాం. వాళ్ల కోసమే ఈ నాలుగు ముక్కలు.

తెలియనివాళ్లకి చెబుతున్నాను. నాలుగేళ్ల కిందట మొదటి కాన్పులో నా గర్భసంచి చిట్లింది. బిడ్డ దక్కలేదు, నన్ను బతికించడానికి సంచి తీసేశారు. ఇప్పుడు మా పాపని మోసి కన్నది మా పిన్ని కూతురు. దయచేసి దీన్ని అద్దె గర్భం అనకండి. అద్దె అది అడగలేదు, మేం ఇవ్వలేదు. 2021 నాటి సరోగసీ చట్టం ప్రకారం ఇవ్వకూడదు కూడా. వైద్యం, బీమా లాంటి ఖర్చులు పెట్టుకోవచ్చు, అంతే.

మేం మొదట వెళ్లిన చోట, పేరెందుకులెండి, ప్యాకేజీల గురించే మాట్లాడారు. మనిషిని వాళ్లే చూస్తారట, కాగితాల సంగతి వాళ్లకి వదిలేయాలట. మా ఆయన మాట మధ్యలోనే లేచి వెళ్లి చెప్పులు వేసుకున్నారు. డబ్బిచ్చి చేయించుకుంటే దంపతులకి కూడా ఐదేళ్ల దాకా జైలు పడొచ్చని తర్వాత మా లాయరుగారు చెప్పారు.

ఆ లాయరుగారికి మొదటి నమస్కారం. జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, బిడ్డ మాదేనని మేజిస్ట్రేటు కోర్టు ఇచ్చే ఆర్డరు, చెల్లికి 36 నెలల బీమా, మాకో అర్హత పత్రం, దానికో అర్హత పత్రం. ఏ గుమ్మం ముందు ఎక్కాలో తెలియక తిరుగుతుంటే, వరసగా ఒక తెల్లకాగితం మీద రాసిచ్చారు. అది ఇంకా మా బీరువాలోనే ఉంది.

ఆవిడ మీద ఒకసారి నాకు కోపం కూడా వచ్చింది. మమ్మల్నందరినీ బయట కూర్చోబెట్టి చెల్లితో ఒక్కదానితోనే మాట్లాడారు. "పిండం లోపల పెట్టేదాకా ఏ నిమిషంలోనైనా వద్దనొచ్చమ్మా, అది చట్టం నీకిచ్చిన హక్కు" అన్నారని అదే నాకు చెప్పింది. నా గుండె జారిపోయింది. ఈవిడ మా తరఫా, కాదా అనుకున్నాను. మొదటిసారి పెట్టిన పిండం నిలవలేదు. రెండోసారికి ముందు మళ్లీ అదే ప్రశ్న అడిగారు. చెల్లి "ఎన్నిసార్లు అడుగుతారండీ, పదండి" అంది. ఆ జవాబు విన్నాకే నాకు కంటినిండా నిద్ర పట్టింది.

ఇక కౌన్సెలింగ్ మేడమ్. కాగితాల మీద సంతకాలు కాకముందే రెండు ఇళ్లవాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆవిడ వేసిన ప్రశ్న: "కాన్పయిన మూడో రోజు ఆ అమ్మాయికి పాలు పడతాయి. ఆ రోజు ఆమె పక్కన ఎవరుంటారు?"

ఎవరం నోరెత్తలేదు. ఉయ్యాల సంగతి, పేరు సంగతి అనుకున్నాం గానీ ఆ రోజు గురించి ఆలోచించిందెవరు?

ఆ రోజు రానే వచ్చింది. అందరూ పాప చుట్టూ చేరారు. నేను పాపని మా అత్తగారి చేతుల్లో పెట్టి చెల్లి గదిలోకి వెళ్లాను. జాకెట్టు తడిసిపోయి, తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఏమీ మాట్లాడుకోలేదు. చాలాసేపయ్యాక అదే అంది: "ఆపే మందు ఇప్పుడే వద్దక్కా. కొన్నాళ్లు పిండి ఇస్తాను, పారబోయడం నా వల్ల కాదు." పదకొండు రోజులు మా మరిది పొద్దున్నే పాత థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి, బండి మీద ఊరి నుంచి పాల సీసాలు తెచ్చాడు. తర్వాత డాక్టరుగారు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంది.

చెల్లి అత్తగారికి పాదాభివందనం. వీధి అరుగుల మీద "ఎంత ముట్టింది?" అని ఆరా తీసినవాళ్లకి ఆవిడ ఒకటే జవాబు: "దేవకి కడుపులోని బలరాముణ్ణి రోహిణి మోసింది. ఆవిణ్ణి అడిగి రండి ఎంత తీసుకుందో."

మా పోస్టాఫీసులో సీనియర్ అన్నయ్యకి కూడా థాంక్స్. కడుపుతో లేని మనిషికి ప్రసూతి సెలవేమిటని పైవాళ్లు తటపటాయిస్తుంటే, 2024 జూన్‌లో కేంద్ర ఉద్యోగుల సెలవు నిబంధనలు మార్చి సరోగసీతో తల్లి అయినవాళ్లకీ 180 రోజులు ఇచ్చారని ఆ కాగితం ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఇప్పుడు ఆ సెలవులో కూర్చునే ఇది రాస్తున్నాను.

చెల్లికి మాత్రం కృతజ్ఞతలు చెప్పలేను. చెప్పబోతే "ఇంక చాల్లే, పాపకి నూనె రాయి" అంటుంది.

దాని కొడుకు ఒకటో తరగతి. పిల్లవాడి దగ్గర దాచొద్దని మేడమ్ చెప్పారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాం. వాడు వెళ్లి క్లాసులో "మా అమ్మ పొట్టలో మా పెద్దమ్మ పాప ఉంది" అని ప్రకటిస్తే టీచరు కంగారుపడి ఫోన్ చేసింది. బారసాలలో పంతులుగారు బియ్యంలో రాయించిన పేరు చాలా పెద్దది. వాడు అది విని, ఒక్క క్షణం ఆలోచించి, ఉయ్యాలలోకి వంగి "ఏయ్ పొట్టీ" అన్నాడు. రెండు ఇళ్లలోనూ ఇప్పుడు అదే పేరు నడుస్తోంది.