షెల్టర్ మేడ తాళం ఎవరి దగ్గరుంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

అవనిగడ్డలో టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని, లాభాపేక్ష లేకుండా సొంత వైర్‌లెస్ సెట్‌తో దూరాల వాళ్లతో మాట్లాడుకోవడం. చుక్కలు, గీతలతో కబురు పంపే మోర్స్ పరీక్ష కూడా పాసై అందులో జనరల్ గ్రేడ్ లైసెన్సు తీసుకున్నాను. ఇన్నాళ్లూ షాపు కట్టేశాక మేడ మీది తీగకు సెట్ తగిలించి, హైదరాబాదు వాళ్లతోనో శ్రీలంక వాళ్లతోనో కబుర్లు చెప్పుకోవడమే నా హామ్ రేడియో. ఈసారి అక్టోబరు, నవంబరు తుఫాన్లకు మా హామ్ మిత్రులు వేసుకున్న డ్యూటీ జాబితాలో నా పేరూ చేరింది. కబురొస్తే నాగాయలంక వైపు ఒక తుఫాను షెల్టర్‌లో సెట్ పెట్టుకుని కూర్చోవాలి. నిజమైన డ్యూటీ ఇదే మొదలు కాబట్టి టెన్షన్ ఉంది. దాన్ని నేను చూసుకుంటాను గానీ, నా చేతిలో లేని పనులు కొన్ని ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరం.

1977 నవంబరు 19 గురించి దివిసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లను ఉప్పెన ఊడ్చేస్తే, ఆ సంగతి బయటివాళ్లకు తెలియడానికే చాలా సమయం పట్టింది. ఇప్పుడు చేతిలో సెల్‌ఫోన్ ఉంది కదా అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖ అంతటి నగరంలోనే కరెంటూ పోయింది, ఫోన్లూ మూగబోయాయి. సెల్ టవర్ నిలబడే ఉన్నా బ్యాటరీలు అయిపోతే జనరేటరే దిక్కు. రోడ్డు మీద చెట్లు పడితే దానికి డీజిల్ ఎవరు తెస్తారు?

ఈ మధ్య ఒక ఆఫీసుకు వెళ్లి మా సంగతి చెబితే, ‘పోలీసు వైర్‌లెస్ ఉంది, శాటిలైట్ ఫోన్ ఉంది, మళ్లీ మీరెందుకండీ?’ అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. అవి ఉండాల్సిందే, వాటికే ముందు చోటివ్వాలి కూడా. కానీ తుఫాను రాత్రి అవి పై అధికారుల ఆదేశాలతోనే ఊపిరాడకుండా ఉంటాయి. షెల్టర్‌లో ఇన్సులిన్ అయిపోయిందనో, నెలలు నిండిన మనిషికి నొప్పులొస్తున్నాయనో చెప్పడానికి ఇంకో దారి ఉంటే నష్టమేముంది?

మా సామాను గురించి రెండు ముక్కలు. చేతిలో పట్టుకునే అయిదు వాట్ల సెట్ ఈ పల్లపు నేల మీద, తాడిచెట్ల మధ్య నాలుగైదు కిలోమీటర్లు దాటితే గొప్ప. బందరు కలెక్టరేట్‌కు వినపడాలంటే పెద్ద సెట్, బయట తీగ ఉండాలి. ఏడు మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు తీగ. దాన్ని మరీ ఎత్తున కట్టకపోతేనే మంచిది. తరంగాలు నిటారుగా పైకి వెళ్లి, ఆకాశంలోని పై పొరకు తగిలి, రెండు మూడు వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతాయి. పగలు బందరూ వింటుంది, హైదరాబాదూ వింటుంది. చీకటి పడ్డాక అదే తీగ మీద ఎక్కడో దూరదేశం వాళ్లు వినపడతారు, పక్క జిల్లా వాడు మాయమవుతాడు. అందుకని రాత్రికి ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీ, దానికి ఇంకో పొడవాటి తీగ. వంద వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు ఇరవై ఆంపియర్లు లాగుతుంది కాబట్టి పవర్ బాగా తగ్గించి, లారీ బ్యాటరీ మీద నడిపి చూస్తున్నాను. బ్యాటరీ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు, నా కూడే అది.

అంకెల దగ్గరే ఎక్కువ సాధన చేస్తున్నాం. గరగర శబ్దంలో ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి. ఇరవై మందికి అన్నం అడిగితే అరవై మందికి వస్తే పర్లేదు, అటుదిటైతేనే కష్టం. అందుకే ‘రెండు, సున్నా’ అని విడివిడిగా చెప్పడం, అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించేదాకా కాగితం కింద పెట్టకపోవడం.

ఇదంతా మేం చేసుకోగలం. కానీ మొన్న ఆ షెల్టర్ చూద్దామని వెళితే, తీగ కట్టాల్సిన మేడ మీది తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడెవరికీ తెలియదు. తుఫాను రాత్రి ఆ తాళం కోసం ఎవరి ఇంటికి పరుగెత్తాలి? దారిలో పోలీసులు ఆపితే ‘నేను హామ్‌ని’ అంటే వదులుతారా?

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ గారు హామ్ రేడియో పని మీద పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారు. అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు అందించారు. ఆవిడ ధైర్యం గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఇంకోటి కనిపిస్తుంది. ప్రభుత్వ అనుమతి అప్పటికే చేతిలో ఉంది, సెట్, యాంటెన్నా అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

కాబట్టి జిల్లా అధికారులకు మనవి. తుఫాన్ల కాలం మొదలుకాకముందే ఒక పూట రిహార్సల్ పెట్టండి. తహసీల్దారు గారి సంతకంతో మాకో ఉత్తరం ఇప్పించండి. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో షెల్టర్ గోడ మీద రాయించండి. కంట్రోల్ రూమ్‌లో కిటికీ పక్కన ఒక బల్ల చాలు. బ్యాటరీ, తీగ, తాడు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక హామ్ రేడియో వాలంటీర్,
అవనిగడ్డ, కృష్ణా జిల్లా