మహిమ సభలూ మైకు గోలా

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా ఊరి సువార్త సభల వార్త ఫొటోతో సహా వేశారు. దేవుని మహిమ దిగివచ్చి విశ్వాసులకు కొత్త బలం ఇచ్చిందని రాశారు. సంతోషం. ఆ రాత్రులు మా వీధిలో పసిపిల్లలకూ ముసలివాళ్లకూ కంటిమీద కునుకు లేదన్న సంగతి మాత్రం మీ విలేకరి చెవిన పడలేదు. రాత్రి పది దాటితే మైకులు ఆపాలని 2000 సంవత్సరం నుంచీ నిబంధన ఉంది. మా ఊళ్లో మహిమ పదకొండున్నరకు గానీ బయల్దేరదేమో మరి.

గిట్టనివాడి ఏడుపని కొట్టిపారేయకండి. నాదీ విశ్వాసుల కుటుంబమే, తాతల నాటి నుంచి. మత ప్రచారం రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చిన హక్కని నాకూ తెలుసు. ఆ హక్కు ప్రజాశాంతికీ ఆరోగ్యానికీ లోబడి ఉండాలని కూడా అక్కడే రాసి ఉంది. ఆ ముక్క మా పెద్దలకు వినిపించదు, సౌండు బాక్సుల పక్కనే కూర్చుంటారు కదా!

మహిమను చూసినవాడికి సాక్ష్యం చెప్పే ధైర్యం వస్తుందన్నది నేనూ నమ్ముతాను. బైబిల్లో తొలి హతసాక్షి స్తెఫను ఆకాశం వైపు చూసి దేవుని మహిమను చూశాడు. రాళ్లు పడుతున్నా కొట్టేవాళ్ల కోసం ప్రార్థించాడు. యేసు శిష్యులు పేతురు, యోహాను చదువు లేనివాళ్లు. అధికారుల ముందు వాళ్లు బెదరకుండా మాట్లాడుతుంటే సభ ఆశ్చర్యపోయింది. మోషే కొండ దిగి వచ్చేసరికి ముఖం ప్రకాశిస్తోంది, ఆ సంగతి ఆయనకే తెలియదు. మన బోధకులకైతే బాగా తెలుసు. ఫ్లెక్సీలో తల వెనక వెలుగు చక్రం దగ్గరుండి మరీ పెట్టించుకుంటున్నారు. కింద వరసలో అన్ని పార్టీల నాయకులూ నమస్కారం పెడుతూ ఉంటారు. యేసు ప్రభువు పేరు ఎక్కడో మూలన, వెతుక్కోవాలి.

ఇంత హడావిడీ చేసినవాళ్లే మర్నాడు టీకొట్టు దగ్గర పక్కింటాయన 'ఇంతకీ మీ దేవుడు ఏం చెబుతాడండీ' అని మర్యాదగా అడిగితే నీళ్లు నములుతారు. పాస్టరు గారిని అడగమంటారు. మరి ఆ కొత్త బలం ఏమైనట్టు?

మా సంఘంలో నాట్లకు వెళ్లే ఒక పెద్దావిడ ఉంది. అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నం గట్టు మీద క్యారేజీ విప్పి, బురద చేతులు కాలవలో కడుక్కుని, కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థించి అన్నం తింటుంది. ఎదిగిన కొడుకు చనిపోయిన ఏడాది కూడా ఆ ప్రార్థన మానలేదు. 'నీకింత నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చిందే అక్కా' అని తోటి కూలీలే అడిగారు. 'ఆయన గొప్పతనం తల్చుకుంటే నా బాధకి నన్ను మింగే బలం ఉండదే' అందట. ఎవరైనా అడిగితే చెబుతుంది, లేకపోతే పక్కవాళ్లకు ఇంత పచ్చడి వేసి ఊరుకుంటుంది. ఆమె మాట విని మా ప్రార్థనకు వచ్చి కూర్చున్నవాళ్లు ఉన్నారు. ఆమె ఫొటో ఏ పేపర్లోనూ రాదు.

1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి కాపురం ఉండి, మన తెలుగు నేర్చుకుని, మనిషి మనిషితో మాట్లాడారు. వాళ్లకు కరెంటే లేదు, ఇక మైకెక్కడిది!

అధికారుల సంగతి చెప్పాలంటే పేజీ చాలదు. స్టేషన్‌కు ఫోన్ చేస్తే రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఇస్తే, 'మీ దేవుడి సభ మీద మీరే ఫిర్యాదా' అని నవ్వారు. జాతర్లకు డీజేలు, నాయకుల పుట్టినరోజులకు బాణాసంచా, దేనికీ అడ్డు లేదు. పంచాయతీ వారైతే మరీ. వంతెన రెయిలింగుకు కట్టిన ఫ్లెక్సీలు చిరిగి పంట కాలవలో పడి, తూముకు అడ్డం పడి, దిగువన చేలకు నీళ్లు ఆగిపోయాయి. చివరికి రైతులే దిగి లాగారు. ఈ కాలవలకు ప్రాణం పోసిన కాటన్ దొర విగ్రహానికి మాత్రం ఏటా ఆయన పుట్టినరోజున, మే 15న, దండలు వేసి ఫొటోలు దిగుతారు.

వచ్చే నెల పక్క ఊళ్లోనూ ఇవే సభలట, అప్పుడే ఫ్లెక్సీలు లేచాయి. మీ విలేకరిని మళ్లీ పంపేటట్టయితే చేతికి ఒక గడియారం కూడా ఇచ్చి పంపండి.

— ఒక విశ్వాసి, పాలకొల్లు మండలం